పడుగు దారంతో చక్రాలు కట్టే శివన్న

మా అక్క శ్రీవాసవి కూతురు రమ్యశ్రీ ఆ రోజు పొద్దున పదిన్నరకు కారు టైరొకటి దొర్లించుకుంటూ నా దుకాణంలోకి వచ్చింది. నలుగురు గిరాకీలు కూర్చుని ఉన్నారు. వాళ్లందరి ముందూ ఆ టైరును ధబీమని కింద పడేసి, "మామా, ఇదిగో నీ పచ్చలైట్ల టైరు. కండ్లు తెరిచి సూసుకో," అంది.

నాకు సర్రున కోపమొచ్చింది. డోన్‌లో పద్దెనిమిదేళ్లుగా టైర్ల దుకాణం నడుపుతున్న ధనుంజయ శెట్టిని నేను. చుట్టుపక్కల ఎవరికీ లేనప్పుడే వీల్ అలైన్‌మెంట్‌కు కంప్యూటర్ మిషన్ తెచ్చి పెట్టినవాణ్ణి. చక్రాలు నాలుగూ కంపెనీ చెప్పిన కొలతలో ఉంటే దాని తెర మీద పచ్చలైట్లు వెలుగుతాయి. రమ్య కారుకు పోయిన రేసు ముందు నేనే దగ్గరుండి ఆ పని చేశాను. అన్నీ పచ్చలైట్లే. కాగితం ప్రింటు తీసి, పెళ్లిపత్రిక ఇచ్చినంత మర్యాదగా దాని చేతికిచ్చాను కూడా.

వంగి టైరు చూశాను. లోపలి సగం కొత్తదానిలాగే ఉంది. బయటి అంచు మాత్రం గుండు గీసినట్టు నున్నగా అరిగి, ఒకచోట లోపలి పోగులు తేలాయి. గిరాకీలు నలుగురూ మెడలు సాచి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

బస్సు తప్పిపోతున్నా పరిగెత్తని వంశం మాది. మా తాత నూనె అమ్మాడు, మా నాయన కందిపప్పు అమ్మాడు, నేను టైర్లు అమ్ముతున్నాను. ఈ పిల్ల ఎవరి పోలికో తెలియదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, చిన్న కారొకటి రేసుకు తయారు చేసుకుని, తమిళనాడులోని ట్రాకు మీద పోటీలకు పోతోంది. మొన్నటి పోటీలో ఇంకా రెండు చుట్లు ఉన్నాయనగా టైరు పేలే ప్రమాదం ఉందని అధికారులు నల్లజెండా ఊపి బయటికి పంపేశారు. మిగిలింది ఆఖరి పోటీ. ఒకే రోజు రెండు రేసులు, రెండింటికీ అవే నాలుగు టైర్లు. రంగుతో గుర్తు వేసి ఇస్తారట, మధ్యలో మార్చడానికి వీల్లేదు. రెండో రేసులో మొదటి ముగ్గురిలో ఉంటే వచ్చే ఏడాది పెద్ద జట్టులో సీటు. లేకపోతే కారు అమ్మేసి బుద్ధిగా ఉద్యోగం చేసుకుంటానని వాళ్లమ్మకు మాటిచ్చింది. అంటే పిల్ల ఆశంతా, ఇప్పుడు నా ముందు అరిగి పడున్న ఈ ముందు ఎడమ టైరు మీద నిలబడి ఉంది. ఆ టైరును పాడు చేసిన పెద్దమనిషిని నేను.

"మల్ల మిషన్ మీద ఎక్కిస్తాంలే," అన్నాను.

"వద్దు మామా. శివన్న దగ్గరికి పోదాం."

పంటి కింద రాయి పడ్డట్టయింది నాకు. శివన్నది బేతంచెర్ల రోడ్డులో రేకుల షెడ్డు. నాపరాళ్లు మోసే లారీలకు చక్రాలు సరిచేస్తాడు. కంప్యూటరూ లేదు, లైట్లూ లేవు. బండికి రెండు పక్కలా నూలు దారం కట్టి, స్టీలు స్కేలుతో కొలుస్తాడు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లో పుట్టినవాడు కాబట్టి చేతికొచ్చింది దారమొకటే అని నేను పదేళ్లుగా నవ్వుతున్నాను. 'దారం డాక్టరు' అని వాడికి పేరు పెట్టింది కూడా నేనే. ఇప్పుడు ఆ డాక్టరు గడప తొక్కాలంటే కాళ్లు రాలేదు. రమ్య నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

శివన్నకు యాభై అయిదుంటాయి. ఎండిన కట్టెలాంటి మనిషి. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు, వెక్కిరించలేదు. "రా శెట్టీ, కూకో," అని టైరును ఒళ్లోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని అరచేత్తో ఒకసారి అటు, ఒకసారి ఇటు నిమిరాడు. తర్వాత అన్నాడు.

"కుడిపక్క మలుపులే ఎక్కువ గదా పాపా. ఒకటి మాత్రం శానా పెద్దది, ఇడవకుండా తిరగల్ల. దానికి ముందర బ్రేకు గట్టిగా తొక్కుతాండావు. బండి నీ మాట ఇనకపోతే స్టీరింగు ఇంకా ఎక్కువ తిప్పుతాండావు. దాంతో అంచు ఇంకా కాలిపోతాండాది."

రమ్య గబుక్కున అతని ముందు కూర్చుంది. "నువ్వు ట్రాకు సూసినావా శివన్నా?"

"యాడ సూసేది పాపా. లారీలు గని గుంతలో దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ఒక్క పక్కకే తిరుగుతాయి. వాటి టైర్లూ ఇట్లనే ఏడుస్తాయి. రబ్బరు ఎటు లేసిందో చేతికి తెలుస్తాది."

 పద్దెనిమిదేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని వేల టైర్లు పోయుంటాయో! ఒక్కదాన్నీ నేనిలా నిమిరి చూసింది లేదు. అయినా ఊరుకుంటానా? "నా మిషన్ తప్పు చెప్పిందంటావా?" అని గద్దించాను.

"మిషన్ తప్పు చెప్పలేదప్పా. నువ్వు దాన్ని రోడ్డు గురించి అడిగినావు, అది రోడ్డు గురించే చెప్పింది. పాప పోయేది రోడ్డు మీద కాదు గదా." టైరును నిలబెట్టి చూపించాడు. "మలుపులో బండి పక్కకు ఒరుగుతాది. దాంతోపాటు చక్రమూ ఒరిగి బయటి అంచు మీద నిలబడతాది. చెప్పు ఒకపక్కే అరిగినట్ల. చక్రం తల ముందే లోపలికి వంచి కడితే, ఒరిగినప్పుడు సాపుగా కూకుంటాది. ఎంత వంచల్లనేదే లెక్క."

"అట్ల వంచితే లోపలి అంచు అరగదా?"

"రోజూ బజారుకు పోయే బండయితే అరుగుతాది. నువ్వు చెప్పింది నిజమే," అన్నాడు. నా మాటలో సగమైనా నిజమని ఒప్పుకున్నందుకు నాకెంత ఊరటగా ఉందో చెప్పలేను.

మరుసటి వారం రమ్య కారును ట్రక్కు మీద ఎక్కించి తెచ్చింది. సాయంత్రం నాలుగుకల్లా ట్రక్కు తిరిగి బయల్దేరాలి. శివన్న పొద్దున ఏడింటికే మొదలుపెట్టాడు. కారు జోలికి పోతాడనుకున్నాను. పోలేదు. ముందు నేల కొలిచాడు. సన్నని గొట్టంలో నీళ్లు నింపి, చక్రాలు ఆనే నాలుగు చోట్లా నీటి మట్టం చూశాడు. ఒకచోట నీళ్లు గోరంత తేడా చూపించాయి. అక్కడ పరిచిన నాపరాయిని లేపి, కింద ఇసుక సర్ది, మళ్లీ పరిచాడు. దానికే గంట పట్టింది.

"రేసు కారా, గృహప్రవేశమా?" అన్నాను.

"నేల అబద్ధం చెప్తే అన్నీ అబద్ధాలే శెట్టీ."

తర్వాత రమ్యను హెల్మెట్టుతో సహా తూకం వేసి, అంతే బరువుకు నాపరాయి ముక్కలు తూచి డ్రైవరు సీటులో పేర్చాడు. మనిషి కూర్చుంటే బండి కూర్చునే తీరు మారుతుందట. నేను ఇన్నేళ్లూ ఖాళీ కార్లకే కొలతలు తీశాను. ఈ సంగతి నాకు తట్టనైనా తట్టలేదు. పెట్రోలు కూడా రేసులో ఉండేంతే పోయించాడు.

రమ్య తెచ్చిన కొత్త బోల్టులతో ముందు చక్రాల తలలు లోపలికి వంచడం మొదలైంది. ఇత్తడి గుండు వేలాడదీసిన దారం చక్రం పక్కన నిలువుగా నిలిచింది. చక్రం పైఅంచు కింది అంచు కన్నా ఎంత లోపలుందో ఆ దారం నుంచి కొలుస్తాడు. బోల్టు కాస్త తిప్పుతాడు, కారును ముందుకూ వెనక్కీ దొర్లించి స్థిమితపడనిస్తాడు, మళ్లీ కొలుస్తాడు. పద్నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఆపాడు. చూడ్డానికి చక్రాలు రెండూ మనిషి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినట్టు వింతగా ఉన్నాయి.

తల వంచితే చక్రం చూపు కూడా మారుతుంది. నేరుగా చూడాల్సింది పక్కకు చూస్తుంది. అందుకని ఈసారి అసలైన దారం బయటికొచ్చింది. గంజి పెట్టిన పడుగు నూలు. సాగదు, వేలాడదు. కారుకు రెండు పక్కలా, నాలుగు ఇనుప స్టాండ్ల మధ్య, చక్రాల నడిమి ఎత్తులో బిగించి కట్టాడు. వేలితో మీటితే టింగుమంది. రెండు దారాలూ బండికి సమానదూరంలో ఉన్నాయని తేలాక, ప్రతి చక్రం ముందు అంచూ వెనక అంచూ దారానికి ఎంత దూరమో స్కేలు పెట్టి చూడసాగాడు. కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. ముందు చక్రాలు చెరొక మిల్లీమీటరు బయటికి చూడాలట. అప్పుడు మలుపులోకి కారు సులువుగా తిరుగుతుంది, స్టీరింగు ఎక్కువ తిప్పే పనుండదు. చక్రం చూపు మార్చే టై రాడ్డును పావు చుట్టు, అందులో సగం, మళ్లీ దానిలో సగం తిప్పుతున్నాడు. నేను ముక్కున వేలేసుకుని చూస్తున్నాను.

పన్నెండున్నరకు ఎడమ చక్రం పూర్తయింది, కుడి చక్రం అయిపోవచ్చింది. అప్పుడే నా ఫోన్ మోగింది. ఎండలో గోడ మీద పెట్టుకున్నాను. గబగబా పోయి అందుకున్నాను.

వెనక్కి తిరిగేసరికి శివన్న స్కేలు కింద పెట్టేసి నా వైపే చూస్తున్నాడు. రమ్య నెత్తి కొట్టుకుంటోంది. అప్పుడు అర్థమైంది నాకు. దారం మీదుగా దాటాను.

ఎమ్మిగనూరులో పొద్దున్నే వీధి పొడుగునా పడుగు చాపుతారు. ఎంత అర్జెంటు పనున్నా ఎవరూ దాన్ని దాటరు, చుట్టూ తిరిగి పోతారు. ఆ ఆచారం నాకూ తెలుసు. తెలిసీ దాటాను.

శివన్న నేరుగా వెళ్లి నాలుగు స్టాండ్ల నుంచీ దారం విప్పేశాడు.

"అయ్యో, తగల్లేదు స్వామీ! నా కాలు పైనుంచే పోయింది," అని అరిచాను.

"తగల్లేదని నువ్వంటాండావు. దారం అనల్ల గదా."

"నాలుగుకు ట్రక్కు పోవాలప్పా! ఈ మూఢనమ్మకాలు పెట్టుకుంటే పిల్ల గతేంగాను?"

అతనికి కోపం రాలేదు. "నమ్మకం కాదు శెట్టీ. తగిలిందో లేదో నాకు తెలీదు. తెలీనప్పుడు మల్ల కట్టల్ల. మా నాయన మగ్గం కాడ చెప్పిందీ అదే."

మళ్లీ మొదటి నుంచీ. స్టాండ్లు ఉన్నచోటే ఉంచి, మళ్లీ దారం, మళ్లీ టింగు. పూర్తయ్యాక ఎడమ చక్రం కొలత చూశాడు. ఇందాక రాసుకున్నదానికీ దీనికీ అర మిల్లీమీటరు తేడా ఉంది. నన్ను పిలిచి ఇనుప స్టాండు కింద చూపించాడు. దుమ్ములో సన్నని గీత ఉంది. నా ప్యాంటు అంచు తగిలి స్టాండు జరిగింది. అతను అనుమానించకపోయి ఉంటే ఆ జరిగిన దారానికే చక్రాలు కట్టేవాడు, లెక్కంతా తప్పేది. నేను ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకుని, దూరంగా పోయి కూర్చున్నాను. 

స్టాండును సరైన చోటికి జరిపి అతను కుడి చక్రం చూస్తుండగా అతని భార్య సుబ్బక్క మాకు జొన్నరొట్టె, గోంగూర పెట్టింది. భర్త తినకుండా పని చేస్తుంటే ఆమె ఏమీ అనకపోవడం నాకు వింతగా తోచింది. అడిగాను.

"ముందు చక్రం పని పట్టినాక అది అయ్యేదాకా తినడు. శానా ఏండ్ల నుంచీ అంతే," అంది. ఇంకో రొట్టె వేస్తూ తనే చెప్పింది. "మా బావ కేశవులు, ఈయన సొంత అన్న, రాళ్ల లారీ తోలుతాండె. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ముందర ఎడమ టైరు పేలింది. లారీ లోయలోకి పోయింది. ఇరవై రెండేండ్లయితాండాది. టైరు పైకి బాగనే ఉండెనంట. కనపడని పక్క, లోపలి అంచు, అరిగి పోగులు తేలినాయి. ఈయన ఆ టైరు ముక్క ఇంటికి తెచ్చుకున్నాడు. ఆరు నెలలు మగ్గం కాడ కూకుని దాన్నే సూస్తాండె. ఒకపొద్దు మగ్గం గుంతలోనుంచి లేసి, ఈ పని నేర్చుకుంటా పా అని నన్ను ఈడికి పిల్చుకొచ్చినాడు."

చేతిలో రొట్టె పక్కన పెట్టేశాను. ఇన్నేళ్లుగా ఒకే ఊళ్లో ఉన్నాం. దారం డాక్టరని నవ్వడమే తప్ప, ఏమప్పా నీ కథ అని ఒక్కరోజూ అడగలేదు నేను. ఛీ, ఏం మనిషిని అనుకున్నాను.

మూడింటికి పని అయింది. పక్కనే ఉన్న ఖాళీ రాళ్ల యార్డులో రమ్య పాత టైర్లతోనే కారును కుడివైపుకు గుండ్రంగా, వేగంగా తిప్పింది. అంతకు ముందు శివన్న టైరు మీద నుంచి దాని పక్కగోడ మీదకు సుద్దముక్కతో గీతలు గీశాడు. టైరు ఎంతవరకు నేలకు ఒరిగితే అంతవరకు సుద్ద చెరిగిపోతుంది. కారు ఆగగానే చూశాం. సుద్ద సరిగ్గా అంచు దాకా చెరిగి, అక్కడ ఆగింది. పక్కగోడ మీద గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి.

"నేనూ వస్తా రేసుకు," అన్నాడు శివన్న.

"తమాషా సూడాలనా?" అన్నాను నవ్వుతూ.

"కాదప్పా. నేను కట్టిన చక్రాల మీద పాప అంత స్పీడు పోతాంటే, నేనీడ ఎట్ల కూకునేది?"

ఆదివారం ట్రాకు దగ్గర మేమిద్దరం ఉన్నాం. మొదటి రేసులో రమ్య ఆరోస్థానంలో వచ్చింది. కారు ఆగీ ఆగకముందే శివన్న టైరు పక్కన చేరి, లోపల, మధ్య, బయట మూడుచోట్లా వేళ్లు ఆనించాడు. "లోపల వేడి రవ్వంత ఎక్కువ, మిగతా రెండూ ఒకటే," అన్నాడు. పక్క జట్టులో టైర్లు చూసే ఇంజనీరు ఏసుకుమార్ అనే కడప కుర్రవాడు ఇది విని, నవ్వుకుంటూ తన వేడి కొలిచే మీటరు తెచ్చి గుచ్చాడు. లోపల ఎనభై ఆరు డిగ్రీలు, మధ్య ఎనభై మూడు, బయట ఎనభై మూడు. కుర్రవాడు మీటరును దులిపి మళ్లీ గుచ్చాడు. అవే అంకెలు. "ఎవరప్పా ఈయన?" అని నన్నడిగాడు. "మా ఊరాయన," అని నేను గొప్పగా చెప్పుకున్నాను. సిగ్గులేని నోరు నాది.

రెండో రేసు పదిహేను చుట్లు. ఎనిమిదో చుట్టు దాకా రమ్య ఆరోస్థానంలోనే ఉంది. నేను మిగిలిన చుట్లు వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. తొమ్మిదో చుట్టు నుంచి ముందున్న కార్లు పెద్ద మలుపులో జారడం మొదలుపెట్టాయి. వాటి టైర్లు అయిపోతున్నాయి. మా పిల్ల కారు మాత్రం గీత గీసినట్టు తిరుగుతోంది. పదోచుట్టులో ఒకణ్ణి దాటింది, పన్నెండులో ఇంకొకణ్ణి. నేను గొంతు పోయేలా అరుస్తున్నాను. శివన్న మాత్రం కంచె పట్టుకుని, కార్లన్నిటినీ వదిలేసి ఒకే ఒక్క చక్రాన్ని చూస్తున్నాడు. ఎడమ చక్రం పెద్ద మలుపులోకి పోయిన ప్రతిసారీ అతని పెదవులు బిగుసుకుంటున్నాయి, బయటికొచ్చాక ఊపిరి వదులుతున్నాడు. ఆఖరి చుట్టు ఆఖరి మలుపులో మూడోవాడు బయటికి జారాడు. రమ్య లోపలి నుంచి దూసుకొచ్చింది.

"మూడు! మూడో స్థానం శివన్నా! పిల్లకు సీటొచ్చింది!" అని అతన్ని వాటేసుకున్నాను. అతను నన్ను విడిపించుకుని కారు దగ్గరికి పరుగెత్తాడు. యాభై అయిదేళ్ల మనిషి అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

నేను చేరేసరికి ఎడమ చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే తీరుగా అరుగుదల. రెండు అరచేతులూ దాని మీద పెట్టి, కాలుతున్నా తీయకుండా, బొటబొటా కన్నీళ్లు కారుస్తున్నాడు.

"ఆ పొద్దు నాకీ పని వచ్చింటే మా అన్న ఇంటికొచ్చిండేవాడు శెట్టీ," అన్నాడు.

 పక్కనే నేల మీద చతికిలబడి, అతని భుజం మీద చెయ్యి వేశాను. ఇలాంటి మనిషి పక్కన కూర్చునే యోగ్యత నాకుందా అనిపించింది. కళ్లు మసకబారాయి.

రమ్య హెల్మెట్టు తీసి, చెమటలతో, నవ్వుతూ వచ్చింది. ఏం జరుగుతోందో దానికి తెలియదు. "శివన్నా, బహుమతి ఇస్తారంట, రా! ఫోటో దిగుదాం. వచ్చే ఏడు కూడా చక్రాలు నువ్వే కట్టల్ల!"

శివన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. రమ్యను తలనుంచి కాళ్ల దాకా ఒకసారి చూసుకున్నాడు.

"కడతాలే తల్లీ. ముందు మీ అమ్మకు ఫోన్ చెయ్యి. ఇంటికొస్తాండా అని చెప్పు."